గోదావరి జిల్లాల పాత ఇనుప కొట్ల వారికి: ఆ బ్యాడ్జీ పీకే ముందు ఒక్క నిమిషం

రావులపాలెం, అమలాపురం, రాజోలు, మండపేట, పాలకొల్లు, భీమవరం, ఇంకా గోదావరి పాయల మధ్య ఎక్కడెక్కడ పాత ఇనుప సామాన్ల కొట్టు పెట్టుకున్నవాళ్ళున్నారో అందరికీ, మీకు సరుకు తెచ్చే ఆటోవాళ్ళకి, ఉల్లిపాయలిచ్చి ఇనుము పట్టుకెళ్ళేవాళ్ళకి కూడా నమస్కారమండి.

విషయం సూటిగా చెప్పేస్తాను. మీ కొట్టుకి తుక్కులో వచ్చిన పాత సైకిల్ని చూడకుండా విడగొట్టకండి. చూశాక కోతకే పంపాలనిపిస్తే పంపండి, అది మీ వ్యాపారం, అందులో నేను వేలు పెట్టను. కానీ ఇప్పుడేం జరుగుతోందంటే, సైకిలు ఆటోలోంచి దిగీ దిగగానే కుర్రాడు స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చేస్తాడు, ముందు కంపెనీ గుర్తున్న బ్యాడ్జీ, బెల్లు పీకి ఇత్తడి బస్తాలో పడేస్తాడు, తోలు సీటుకి రేటు లేదు కాబట్టి దాన్ని విరిచి అవతలకి విసిరేస్తాడు, టైర్లు ఒక గుట్ట, చక్రాలు ఇంకో గుట్ట, మిగిలిన ఫ్రేము కాటా మీదకి. ఇనుము వేరు, ఇత్తడి వేరు, రబ్బరు వేరు చేయకపోతే మీకు గిట్టుబాటు కాదని తెలుసు. మిగతా సరుకుకి అదే సరైన పద్ధతి. సైకిలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ పద్ధతే కొంప ముంచుతోంది. అది ఏ కంపెనీదో, ఏ ఊళ్ళో తయారైందో, సుమారు ఎప్పటిదో చెప్పే ఆధారాలన్నీ సరిగ్గా మీరు ముందు పీకే భాగాల్లోనే ఉంటాయి.

కలెక్టరుగారికో, మ్యూజియం వాళ్ళకో రాయొచ్చు కదా, వీళ్ళకి రాస్తావేంట్రా అని స్నేహితులు నవ్వారు. రాస్తే ఏమవుతుందండీ, ఫైలు కదిలేలోపు సైకిలు కరిగిపోతుంది. ఒక ఇంటి అటక మీంచి దిగిన సైకిల్ని కొలిమికి వెళ్ళేలోపు ఆఖరుగా చేత్తో ముట్టుకునేది మీరే. అందుకని మీకే రాస్తున్నాను.

అవి మీ దగ్గరికి ఎప్పుడొస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు. ధనుర్మాసంలో ఇళ్ళు దులుపుతారు, పాత చెక్క సామానంతా భోగి మంటకి పోతుంది, ఇనుమంతా మీ ఆటో ఎక్కుతుంది. వరదలయ్యాక ఇంకో విడత, 2022 జులై వరదకి లంక ఊళ్ళల్లో బురద పట్టిన సామాను ఎంత బయటపడిందో చూశాం. వీటన్నిటికంటే ఎక్కువ వచ్చేది పాత మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, ఇంటిని కాంట్రాక్టరుకి అప్పజెప్తారు, దూలాలకి, ద్వారబంధాలకి బేరం కుదుర్చుకునేవాళ్ళు క్యూ కడతారు గానీ గాదె పక్కన ఆనించి ఉన్న తాతగారి సైకిల్ని అడిగే నాథుడుండడు. టేకు దూలానికున్న మర్యాద దానికి లేదు.

మన డెల్టాకి సైకిలు బాగా కుదిరిన బండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, కాలవలతో పాటు గట్లొచ్చాయి, ఎక్కడా ఎత్తుపల్లాల్లేని ఆ గట్ల మీద గేర్ల అవసరమే లేదు. రేవు దగ్గర పడవలోకో పంటు మీదకో ఎక్కించేస్తే అవతలి ఒడ్డున మళ్ళీ తొక్కుకుంటూ పోవడమే. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, సఖినేటిపల్లి నుంచి నరసాపురం అలా ఎంతమంది దాటారో. పాల కేన్లు, కొబ్బరికాయల గెలలు, చేపల బుట్టలు, చీరల మూటలు, పోస్టుమేను సంచీ అన్నీ దాని మీదే తిరిగాయి. అందుకే మన దగ్గర సైకిళ్ళు బాగా అరిగిపోయి ఉంటాయి, విడిభాగాలు పదిసార్లు మారి ఉంటాయి. గుర్తుపట్టడం కష్టమయ్యేది కూడా అందుకే.

ఇక ఏం చూడాలో చెప్తాను. దీనికి చదువక్కర్లేదు, ఒక గుడ్డముక్క, కాస్త కిరసనాయిలు చాలు.

మొదటగా హ్యాండిల్ కింద, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు పైన ఉండే గొట్టం, దాని మీద బ్యాడ్జీ. దసరాకి దసరాకి ఆయుధపూజ పేరుతో సైకిలుకి రంగు కొట్టే అలవాటు మనకుంది కాబట్టి బ్యాడ్జీ మీద కూడా నాలుగు పొరల ఎనామెల్ ఉండొచ్చు, ఏమీ లేదనుకోకండి, వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగులుతుంది. కొంగలాంటి పక్షి తల ఉంటే అది రాలీ కంపెనీది. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుంటే బీఎస్ఏ, ఎందుకంటే ఆ కంపెనీ బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేస్తూ మొదలైంది, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అన్న పూర్తి పేరులోనే ఆయుధాలున్నాయి. అరచెయ్యి గుర్తు ఉంటే రడ్జ్. తర్వాత బ్యాడ్జీ మీద ఊరి పేరు చూడండి. నాటింగ్‌హామ్ అని ఉంటే ఇంగ్లండు రాలీ, బర్మింగ్‌హామ్ అని ఉంటే హెర్క్యులిస్సో ఫిలిప్సో బీఎస్ఏనో కావచ్చు. బ్యాడ్జీ ఊడిపోయి ఉంటే, రంధ్రాలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా, వాటి మధ్య ఎంత దూరం ఉంది అన్నది కూడా ఆధారమే, కాబట్టి ఆ గొట్టాన్ని మాత్రం కోయొద్దు.

రెండోది చైన్ వీలు. అప్పటి ఇంగ్లీషు కంపెనీలు దాన్ని ఉత్త పళ్ళ చక్రంలా వదిలేసేవి కావు, తమ గుర్తునే అందులో కోసేవి. హంబర్ కంపెనీ సైకిలుకి అయిదుగురు మనుషులు పరిగెత్తుతున్నట్టుంటారు. రాలీకి మూడు కొంగ తలలు. బీఎస్ఏకి ఆ మూడక్షరాలే. ఎంత ముద్దుగా ఉంటాయో, మట్టి తుడిచి చూడండి. అయితే ఒక జాగ్రత్త, చైన్ వీలు ఒక్కదాన్ని చూసి ఇది ఫలానా సైకిలని తేల్చేయకూడదు. పెడలు బిగించే చెయ్యిని, అంటే క్రాంకుని, ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను అరిగితే క్రాంకు మార్చడం, క్రాంకుతో పాటు చైన్ వీలు మార్చడం మన సైకిలు షాపుల్లో ఎప్పుడూ జరిగే పనే, ఎవరిదో హంబర్ పోయి ఆ చక్రం ఇంకెవరి హెర్క్యులిస్‌కో ఎక్కి ఉండొచ్చు. బ్యాడ్జీ, చైన్ వీలు, ఫోర్కు, ఈ మూడూ ఒకే మాట చెప్తే నమ్మాలి. తలో మాట చెప్తే ఫ్రేము మాటే నెగ్గుతుంది.

ఫోర్కు అన్నాను కదా. ఖరీదైన హంబర్లకి ముందు ఫోర్కు ఒక్కో పక్క ఒక్కో గొట్టం కాకుండా, పక్కకి రెండేసి సన్న గొట్టాలు జంటగా దిగుతాయి. అది ఒక్కసారి చూస్తే మర్చిపోరు, ఇంకెవరితోనూ కలవదు. రాలీ ఫోర్కు పైభాగం రెండు పక్కలా గుండ్రంగా బొడిపెల్లా తేలి ఉంటుంది, మామూలు ఫోర్కులా పలకగా ఉండదు.

నంబరు సంగతి. సీటు రాడ్డు దిగే చోట గొట్టం వెనక వైపు చూడండి, లేకపోతే సైకిల్ని తలకిందులు చేసి పెడళ్ళ మధ్య డబ్బా అడుగున చూడండి, అంకెలు గుద్ది ఉంటాయి. అక్కడ ఇసుక కాగితంతో రుద్దొద్దు, గ్రైండరు అసలు పెట్టొద్దు, కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి తుడిచి ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు. ఆ నంబరు చూసి ఫలానా సంవత్సరం అని గట్టిగా చెప్పేవాళ్ళని కొంచెం అనుమానించండి, రాలీ నంబర్లు అంత వరసగా ఉండవు. సంవత్సరం నిక్కచ్చిగా తెలిసేది వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు దగ్గర, అదీ స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బు అయితేనే. లావుగా ఉంటుంది, ఇరుసు చివర్లోంచి సన్నటి గొలుసు బయటికొస్తుంది. ఏడబ్ల్యూ రకం హబ్బు మీద పేరుతో పాటు రెండు చిన్న సంఖ్యలు గుద్ది ఉంటాయి, ఒకటి సంవత్సరం, ఒకటి నెల. 52, 7 అని ఉంటే 1952 జులై. అది హబ్బు తయారైన నెల, సైకిలు దానికి కాస్త అటూ ఇటూ. మన పల్లపు ప్రాంతంలో గేరు హబ్బులు అరుదు, అందుకే కనిపిస్తే దాన్ని ఫ్రీ వీలు అనుకుని సుత్తితో కొట్టొద్దని బతిమాలుతున్నాను. ముందు చక్రం హబ్బు కూడా అలాగే డబ్బాలా లావుగా ఉంటే అది డైనమో హబ్బు, లైటు కోసం కరెంటు అందులోనే పుడుతుంది.

చక్రం పుల్లల, అంటే స్పోకుల, లెక్క గురించి ఒక అపోహ ఉంది. ముందు 32, వెనక 40 పుల్లలుంటే ఇంగ్లీషు సైకిలే అని కొందరు పెద్దమనుషులు ఢంకా బజాయించి చెప్తుంటారు. కాదండి. మన దేశంలో చేసిన సైకిళ్ళకీ అదే లెక్క.

తోలు సీటు ఉంటే పక్కన బ్రూక్స్ అని అచ్చు గుద్ది ఉందేమో చూడండి, 1866 నుంచీ ఉన్న కంపెనీ అది. తోలు ఎండి బిగుసుకుపోయినా, బూజు పట్టినా, రాగి మేకులు ఊడకపోతే మళ్ళీ లేస్తుంది. వానలో వదిలేస్తే మాత్రం ఒక్క సీజనులో పోతుంది. లైటు మీద లూకాస్ అని కంపెనీ పేరు ఉన్నా, కార్బైడు పోసి వెలిగించే పాత దీపమైనా, దాన్ని ఆ సైకిలుకే తాడుతో కట్టి ఉంచండి. ఇంకో చిన్న వస్తువు, మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిలుకి పన్ను కట్టించుకుని ఇచ్చిన లైసెన్సు బిళ్ళ. దాని మీద ఊరి పేరు, సంవత్సరం ఉంటే నాకు ఇంగ్లండు బ్యాడ్జీ కంటే అదే గొప్ప. ఆ సైకిలు ఫలానా ఏడు ఫలానా ఊళ్ళో తిరిగిందని అంతకంటే ఎవరు చెప్తారు? అవి మీ బస్తాల్లో బోలెడు ఉండి ఉంటాయి, ఒకసారి అడుగు దాకా వెతకండి.

ఇప్పుడు పాత సైకిళ్ళు కొని దాచుకునే నాలాంటి పిచ్చోళ్ళతో నాకున్న ఒక తగువు కూడా ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే మా వాళ్ళ మాటలు విని మీరు కూడా అలాగే అనుకుంటున్నారు. ఇంగ్లండుదైతేనే విలువ, ఇండియాదైతే తుక్కు అనడం తప్పు. 1950లలో పశ్చిమ బెంగాల్‌లోని అసన్‌సోల్ దగ్గర సేన్ రాలీ ఫ్యాక్టరీలో చేసిన సైకిళ్ళు మన ఊళ్ళల్లో స్కూలు మాస్టర్లు, కరణాలు, కాంపౌండర్లు తొక్కినవి. మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో మొదలై హెర్క్యులిస్, ఫిలిప్స్, ఆ తర్వాత బీఎస్ఏ చేసింది, మనకి దగ్గరది కాబట్టి మన వైపు ఆ సైకిళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. బొంబాయి హింద్ సైకిల్, సోనీపత్ అట్లాస్, లూధియానా హీరో, వీటి తొలి రోజుల బళ్ళు ఇప్పుడు దొరకడం ఎంత కష్టమో. నాటింగ్‌హామ్ సైకిళ్ళని దాచుకోడానికి ఇంగ్లండులో జనం ఉన్నారు. అసన్‌సోల్ సైకిలు మనం దాచకపోతే ఎవరూ దాచరు. సేన్ రాలీ కంపెనీ నష్టాల్లో పడి, ప్రభుత్వం చేతికి వెళ్ళి, చివరికి మూతపడింది కూడా, కాబట్టి కొత్తగా ఒక్కటీ రాదు. బ్యాడ్జీ మీద అసన్‌సోల్ అని కనిపిస్తే నాకు నాటింగ్‌హామ్ కంటే ముందు ఫోన్ చేయండి.

అలాగని మీకు ఆశలు పెట్టను. రాలీ సైకిలుకి లక్షలు పలుకుతున్నాయంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి కొందరు కొట్టువాళ్ళు తుప్పు ఫ్రేముని తాళం వేసి దాచి, అడిగినవాళ్ళకి కళ్ళు తిరిగే ధర చెప్తున్నారు. ఆ ధరకి కొనేవాడు రాడు, సైకిలు అక్కడే వానకి తడిసి రెండేళ్ళకి నిజంగానే తుక్కవుతుంది. మీ దగ్గరికొచ్చే పాత సైకిళ్ళలో చాలా భాగం మామూలువే, తూకానికి వెళ్ళాల్సినవే. మిగతావాటికి మేమిచ్చేది మీ తూకం ధరకి రెండింతలు, అన్ని భాగాలూ దాంతోనే ఉంటే ఇంకా పైన. కోటీశ్వరులయ్యే బేరం కాదు గానీ, గ్యాసు, కూలీ ఖర్చు లేకుండా వచ్చే లాభం కదా.

దీంట్లో మా వాళ్ళ తప్పు కూడా ఉందండి, లేదనను. మీ దగ్గర కొన్నవాటిలో సగం హైవే పక్క హోటళ్ళలో గోడకి వేలాడుతున్నాయి, లేకపోతే బుట్టలో ప్లాస్టిక్ పూలు పెట్టుకుని ఫొటోలకి నిలబడుతున్నాయి. దానికంటే కరిగించడమే నయమని ఒక్కోసారి అనిపిస్తుంది. ఇంకొందరు పాత రంగు మొత్తం గీకేసి కారు రంగు కొట్టించి, దొరికిన బ్యాడ్జీ అంటించి "ఒరిజినల్" అని అమ్ముతున్నారు. పాత ఎనామెల్ కింద కంపెనీ వేసిన సన్నటి బంగారు గీతలు ఉంటాయి, ఓపిగ్గా తీస్తే బయటపడతాయి, వాటిని గీకేసి మెరుగు పెట్టడం ఏం బాగుచేయడమో నాకర్థం కాదు. మీ దగ్గరికి అలాంటివాళ్ళొస్తే అమ్మొద్దని చెప్పే హక్కు నాకు లేదు, విడి బ్యాడ్జీలు మాత్రం అమ్మకండి, దొంగ ఒరిజినళ్ళు పుట్టేది అక్కడే.

సైకిల్ని కొట్లో అట్టిపెట్టుకుంటే దొంగసొమ్మని పోలీసులు అడుగుతారేమో అన్న భయం మీలో చాలామందికుంది, అది న్యాయమైన భయమే. విడగొట్టేస్తే ఏ గొడవా ఉండదన్నది మీ లెక్క. దానికి నాకు తోచిన దారి ఒకటే. అమ్మినవాళ్ళ పేరు, ఊరు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, వాళ్ళ సంతకమో వేలిముద్రో తీసుకుని, సైకిలు పక్కన వాళ్ళని నిలబెట్టి ఒక ఫొటో తీసుకోండి. అమ్మేవాడు ఫొటోకి నిలబడనంటే ఆ సరుకు అసలు కొనకండి, సైకిలైనా ఇంకేదైనా.

ఆ ఊరి పేరు రాయడం మీ రక్షణకే కాదు, మాకూ కావాలి. సైకిలు దిగగానే ఫ్రేము మీద సుద్దముక్కతో ఊరి పేరు రాసేయండి, కపిలేశ్వరపురమో, పొదలాడో, ఆచంటో. ఎవరింటి నుంచి వచ్చింది, వాళ్ళు ఏం చేసేవారు, ఆటోవాడికి ఆ రోజు తెలిసి ఉంటుంది, వారం తర్వాత అడిగితే ఆకాశం వైపు చూస్తాడు.

తుప్పు చూసి నిరాశ పడకండి. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చేవాటికి ఉప్పుగాలికి రిమ్ములు చిల్లులు పడి ఉంటాయి, రిమ్ములు పోతే పోనీయండి. కిందటి తరం ఉక్కు గొట్టాలు మందంగా ఉంటాయి, పైన ఎర్రగా ఉన్నా లోపల గట్టిగానే ఉంటాయి. సీటు రాడ్డు బిగుసుకుపోయిందని సుత్తితో కొడితే ఆ చోట ఫ్రేము పగులుతుంది, తలకిందులు చేసి డీజిలు పోసి నాలుగు రోజులు వదిలేయండి, లేదా అసలు ముట్టుకోకుండా మాకు వదిలేయండి. పెడళ్ళ డబ్బాకి కొత్త బేరింగు కప్పులు ఎక్కించే ప్రయత్నం కూడా వద్దు. నాటింగ్‌హామ్ రాలీ మరలు అంగుళానికి 26, మామూలు కప్పు మర 24, బలవంతంగా తిప్పితే ఎక్కినట్టే అనిపిస్తుంది గానీ లోపల మర మొత్తం చెడిపోతుంది.

ఇప్పటి కొత్త రకం గేర్ల సైకిళ్ళు, చిన్నపిల్లల సైకిళ్ళు, స్కూల్లో ఆడపిల్లలకిచ్చిన సర్కారు సైకిళ్ళు మాకొద్దు. అందులో తొక్కడానికి పనికొచ్చేవి కనిపిస్తే పక్క సందులో పంక్చర్ షాపుకి ఇవ్వండి, వాళ్ళు ఎవరికో ఒకరికి తయారు చేసి ఇస్తారు. రాడ్డు బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, నల్ల రంగు, పూర్తి చైన్ కవరు, తోలు సీటు, వీటిలో ఏ రెండు కనిపించినా పక్కన పెట్టండి. ఆదివారాలు మేమే వస్తాం, రవాణా ఖర్చు మాదే, చూసి కాదనుకుంటే అప్పటికప్పుడే చెప్పేస్తాం, మీ కొట్లో చోటు ఆక్రమించం. భోగికి ముందు రెండు వారాలు మాత్రం రోజూ ఎవరో ఒకరం తిరుగుతాం, ఎందుకంటే సరుకంతా అప్పుడే వస్తుంది, అప్పుడే మీకు ఊపిరాడదు, చూడకుండా కోసేసేదీ అప్పుడే.

ఇట్లు,
కోనసీమ కాలవ గట్ల మీద తిరిగే ఒక పాత సైకిళ్ళ పిచ్చోడు

తా.క. రావులపాలెం వైపు ఒక కొట్లో వెనక గేటుకి అడ్డగడియగా పెట్టింది హంబర్ జంట గొట్టాల ఫోర్కు. యజమానిగారు అమ్మనన్నారు, గేటు పడిపోతుందట. కొత్త గడియ నేను చేయించి బిగిస్తాను, అది నాకిచ్చేయండి గురువుగారూ.